పర్యాటక వాణిజ్య ప్రదర్శన: మా అనుభవం, కొన్ని పాఠాలు

ప్రదర్శన అన్న మాట వినగానే మన నగర విద్యార్థుల కన్నుల ముందు నాంపల్లి నుమాయిష్ మెదలుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘం వారి పూనికతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఆరంభమై, 1946లో నాంపల్లి మైదానానికి తరలిన ఆ ప్రదర్శన నేటికీ జనవరి మాసం వచ్చిందంటే నగరానికంతటికీ పండుగ. దాని ఆదాయం విద్యాసంస్థల నిర్వహణకు వినియోగపడుతున్న సంగతి మనకు తెలిసినదే. అక్కడ కాశ్మీరు శాలువను చేతితో తడిమి చూస్తాము. లక్నో కుట్టుపనిని వెలుతురుకు ఎత్తి పరీక్షిస్తాము. నచ్చితే బేరమాడి కొంటాము, నచ్చకపోతే ముందుకు సాగిపోతాము. సరుకు మన ఎదుటనే ఉంటుంది, దాని మంచిచెడ్డలకు మన కన్నులే సాక్ష్యం.

పర్యాటక వాణిజ్య ప్రదర్శన ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ అమ్మదలచిన సరుకు అక్కడ ఉండదు. అరకులోయను పెట్టెలో పెట్టి రైలులో తీసుకొని పోలేము. గోలకొండ కోటను బల్ల మీద పరచలేము. కొనేవాడు తాను కొంటున్నదాన్ని మూడు నెలల తరువాత గాని చూడడు, చూచేనాటికి సొమ్ము చెల్లించి ఉంటాడు. అట్టి చోట ప్రదర్శనకు పెట్టేది ఏమిటి? ఈ ప్రశ్నకు మేము పుస్తకాలలో గాక, కొంత ధనం కోల్పోయి సమాధానం తెలుసుకొన్నాము. ఆ సమాధానాన్ని వాణిజ్యశాస్త్రం చదువుతున్న మన కళాశాల విద్యార్థుల ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేమంటే నలుగురం. నలుగురమూ ఈ కళాశాల పూర్వ విద్యార్థులమే. ఇద్దరం ఉర్దూ మాధ్యమంలోను, ఇద్దరం తెలుగు మాధ్యమంలోను చదువుకొన్నాము. పట్టా చేతికి వచ్చిన కొన్ని ఏండ్లకు, ఉద్యోగాలలో కూడబెట్టిన స్వల్ప మొత్తంతో హైదరాబాదులో ఒక చిన్న యాత్రా సంస్థను నెలకొల్పాము. 2018 జూలై మాసంలో కోల్‌కతా నగరంలో జరిగిన ఒక పర్యాటక వాణిజ్య ప్రదర్శనలో తొలిసారి స్టాలు పెట్టాము. ఈ వ్యాసంలో చెప్పబోయే అనుభవం ఆనాటిది.

కొంత చరిత్ర

ప్రదర్శనకు, పర్యాటక వ్యాపారానికి గల చుట్టరికం పాతది. ఇంగ్లండులో థామస్ కుక్ అనే వ్యక్తి 1841 జూలై 5వ తేదీన లెస్టర్ నుండి లఫ్‌బరో వరకు ఒక ప్రత్యేక రైలులో సుమారు 500 మందిని, మనిషికి ఒక షిల్లింగు చొప్పున తీసుకొని వెళ్ళాడు. ఆధునిక యాత్రా వ్యాపారానికి దీనిని నాందిగా చెప్పుకొంటారు. పదేండ్ల తరువాత 1851లో లండన్ హైడ్ పార్కులో స్ఫటిక భవనం నిర్మించి మహా ప్రదర్శన జరిపినప్పుడు, దానిని చూడటానికి సుమారు లక్షన్నర మందిని తరలించినవాడు కూడ ఈ కుక్ గారే. అనగా ప్రదర్శన యాత్రా వ్యాపారాన్ని పెంచింది. శతాబ్దం గడచిన పిమ్మట యాత్రా వ్యాపారమే తనకంటూ ఒక ప్రదర్శనను ఏర్పరచుకొన్నది.

పశ్చిమ బెర్లిన్‌లో 1966లో ఆరంభమైన ఐటీబీ అనే ప్రదర్శనలో తొలి ఏట పాల్గొన్నది తొమ్మిది సంస్థలు మాత్రమే. అవి జర్మనీ, ఈజిప్టు, బ్రెజిల్, గినీ, ఇరాక్ అనే అయిదు దేశాలకు చెందినవి. చూడవచ్చిన వ్యాపారులు సుమారు 250 మంది. నేడు అది ప్రపంచంలోని అతి పెద్ద పర్యాటక ప్రదర్శనలలో ఒకటి. 1980లో లండన్‌లో వరల్డ్ ట్రావెల్ మార్కెట్, 1994లో దుబాయిలో అరేబియన్ ట్రావెల్ మార్కెట్ ఆరంభమయ్యాయి. మన దేశంలో 1989 నుండి కోల్‌కతాలో టీటీఎఫ్ పేర ఇట్టి ప్రదర్శన జరుగుతూ వస్తున్నది.

ఈ వ్యాపారానికి కోల్‌కతా ముఖ్యస్థానం కావటానికి కారణం సులభంగానే ఊహించవచ్చు. వంగదేశీయులు యాత్రాప్రియులు. దుర్గాపూజ సెలవులు రాగానే కుటుంబాలకు కుటుంబాలు సామాను సర్దుకొని బయలుదేరుతాయి. హౌరా నుండి చెన్నై మెయిలు ఎక్కితే విశాఖపట్నం ఒక రాత్రి ప్రయాణం. కావున పూజా రోజులలో విశాఖ సముద్రతీరంలోను, బొర్రా గుహలలోను, అరకులోను వంగభాష వినిపించని మూల ఉండదు. ఆ యాత్రికులలో కొందరినైనా మా ద్వారా రప్పించుకోవాలన్నదే మా సంకల్పం.

మా సన్నాహం

వాణిజ్య ప్రదర్శనలో చిన్న సంస్థకు సాధారణంగా లభించేది మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల చోటు. మూడు వైపుల పలుచని గోడలు, ఒక బల్ల, రెండు మూడు కుర్చీలు, పైన పేరు రాసిన పలక, దీపాలు, ఒక విద్యుత్తు ప్లగ్గు, ఇంతే నిర్వాహకులు ఇచ్చేది. రెండు వైపుల నడవ ఉన్న మూల స్టాలుకు అద్దె ఎక్కువ. మేము నడుమ స్టాలు తీసుకొన్నాము.

మాకైన ఖర్చును విద్యార్థుల ప్రయోజనార్థం ఇక్కడ వివరిస్తున్నాము. స్టాలు అద్దె 1,08,000 రూపాయలు. కరపత్రాలు, బ్రోచర్ల ముద్రణ 27,000. రైలు ప్రయాణం, సామాను రవాణా 19,000. లాడ్జి, భోజనాలు 22,000. స్టాలు అలంకరణ 10,000. వెరసి 1,86,000 రూపాయలు. ఇందులో లక్ష రూపాయలు మాలో ఒకరి తల్లిగారి బంగారం కుదువపెట్టి తెచ్చినవి. ఆ తల్లి గాజులు తీసి ఇస్తూ, “మీరు చదువుకొన్నవాళ్ళు, మీకు తెలియనిదేముంది నాయనా” అన్నారు. ఆ మాట మాకు ఊరట కలిగించలేదు సరికదా, బరువై కూర్చున్నది.

బ్రోచరు మీద మేము చాల శ్రమపడ్డాము. 1591లో చార్మినార్ నిర్మాణం మొదలుకొని కుతుబ్‌షాహీ సమాధులు, సాలార్‌జంగ్ ప్రదర్శనశాల వరకు హైదరాబాదు వైభవమంతా వర్ణించాము. విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్ళే రైలుకు 2017 ఏప్రిల్‌లో జతచేసిన అద్దాల పెట్టెను గూర్చి, ఆ దారిలోని యాభైకి పైగా సొరంగాలను గూర్చి రంగుల చిత్రాలతో అచ్చువేయించాము. ఆంగ్లంలోను, తెలుగులోను ముద్రించాము. కోల్‌కతాకు పోతూ వంగభాషలో ఒక్క పుటయైనా ముద్రించాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మొదటి తప్పు హైదరాబాదులోనే జరిగిపోయింది.

మొదటి దినం: వినటం నేర్చుకొన్నాము

ఆ ప్రదర్శన మూడు దినాలు జరిగింది. తొలి రెండు దినాలు వ్యాపారులకు మాత్రమే ప్రవేశం. మూడవ దినం మధ్యాహ్నం నుండి సామాన్య ప్రజలను కూడ అనుమతించారు. ఇక్కడ ఒక భేదం గ్రహించాలి. వ్యాపారుల దినాలలో మా స్టాలుకు వచ్చేవాడు యాత్రికుడు కాడు. యాత్రికులను పోగుచేసి పంపే ఏజెంటు. అతడు తన ఊరి నుండి రైలు టిక్కెట్లు తానే చేయించుకొంటాడు. మన ఊరిలో గదులు, వాహనాలు, దర్శనీయ స్థలాలు చూపే ఏర్పాటు మనవద్ద కొంటాడు. కావున అతనికి చెప్పే ధర వేరు, యాత్రికునికి చెప్పే ధర వేరు. మొదటిది నికర ధర. దాని మీద ఏజెంటు తన లాభం కలుపుకొంటే వచ్చేది రెండవది.

మొదటి దినం ఉదయం మేము వచ్చిన ప్రతి ఏజెంటుకు నిలబెట్టి హైదరాబాదు చరిత్ర చెప్పాము. వారు మర్యాదగా విన్నారు, బ్రోచరు సంచిలో వేసుకొని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి మా గొంతులు బొంగురుపోయాయి గాని ఒక్క బేరమూ కుదరలేదు. అప్పుడు మాలో ఒకరు, “మనం చెప్పటం ఆపి, వారేమి అడుగుతున్నారో రాసుకొందాం” అన్నారు. ఒక పుస్తకం తీసి రాయటం మొదలుపెట్టాము.

సాయంకాలానికి ఆ పుస్తకంలో చేరిన ప్రశ్నలు చూచి మేము ఆశ్చర్యపోయాము. చార్మినార్ ఎవరు కట్టించారని ఒక్కరూ అడుగలేదు. ఉదయం ఆరు గంటలకు టీ దొరుకుతుందా? స్నానానికి వేడినీళ్ళు ఏ వేళ వరకు వస్తాయి? వృద్ధులున్నారు, కింది అంతస్తులో గదులిస్తారా? బొర్రా గుహలలో మెట్లు ఎన్ని దిగాలి, మోకాళ్ళ నొప్పులవారు బయట కూర్చొనే చోటు ఉన్నదా? అన్నిటికంటె ఎక్కువమంది అడిగిన ప్రశ్న మరొకటి: మా వంటవారిని వెంట తెచ్చుకొంటాము, మీ లాడ్జివారు వంటకు చోటిస్తారా?

ఈ చివరి ప్రశ్న మాకు కొత్త. వంగదేశపు యాత్రా సంస్థలు పలువురు తమ వంటవారిని, పాత్రలను వెంట తీసుకొని ప్రయాణిస్తారు. ఏ ఊళ్ళో దిగినా తమవారికి తమ ఇంటి అన్నం, చేపల పులుసు వడ్డిస్తారు. యాత్రికులు ఆ సంస్థను ఎన్నుకోవటానికి అదే కారణం. ఈ సంగతి తెలియకుండా మేము మా బ్రోచరులో హైదరాబాదు బిర్యానీని అరపుట వర్ణించాము! సరుకును గూర్చి మనకెంత తెలిసినా, కొనేవాని అవసరాన్ని గూర్చి తెలియకపోతే ఆ జ్ఞానం నిరుపయోగమన్న సంగతి పాఠ్యపుస్తకంలో చదివి పరీక్షలో రాసినవారమే. కాని అది మాకు అర్థమైనది ఆ సాయంకాలమే.

ఆ రాత్రి లాడ్జి గుమాస్తాను బతిమాలి ఒక పుట వంగభాషలో రాయించుకొన్నాము. టీ, వేడినీళ్ళు, కింది గదులు, వంటశాల, మెట్లు, ఈ అయిదు విషయాలే అందులో ఉన్నవి. తెల్లవారి దానికి 300 నకళ్ళు తీయించాము. 27,000 రూపాయల బ్రోచరు కంటె ఆ చేతిరాత కాగితానికే రెండవ దినం ఎక్కువ గిరాకి కలిగింది.

రెండవ దినం: ఒక కాగితం

రెండవ దినం మధ్యాహ్నం వృద్ధుడైన ఒక ఏజెంటు మా స్టాలులో వచ్చి కూర్చున్నారు. అందరూ ఆయనను దాదా అని పిలుస్తున్నారు, మేమూ అట్లే పిలిచాము. పూజా సెలవులలో 42 మంది బృందం. విశాఖలో రెండు రాత్రులు, అరకులో రెండు రాత్రులు, హైదరాబాదులో మూడు రాత్రులు. రైలు టిక్కెట్లు ఆయన జూన్‌లోనే తీసివుంచారు. ఆ కాలంలో రైల్వేవారు 120 దినాల ముందుగా రిజర్వేషన్ ఇచ్చేవారు. 2024 నవంబరు నుండి ఆ గడువు 60 దినాలకు తగ్గింది. జూలైలో ఆయనకు కావలసినది గదులు, బస్సులు మాత్రమే.

అద్దాల పెట్టెలో అందరికీ సీట్లు ఇప్పించగలరా అని అడిగారు. ఉన్నది ఒక్క పెట్టె, మాట ఇవ్వలేమన్నాము. ఆయన తల ఊపారు. ధర అడిగారు. రెండు దినాలుగా ఒక్క బేరమూ తెగక ఉన్న మేము, లెక్కల యంత్రం తీసి అక్కడికక్కడే లెక్కగట్టి మనిషికి 9,800 రూపాయలన్నాము. రాసి ఇమ్మన్నారు. సంస్థ కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాము. ఆయన వెళ్ళిన తరువాత నలుగురమూ ఒకరి చేతిలో ఒకరం చేయి వేసుకొని ఆనందించాము.

ఆ రాత్రి గదిలో లాడ్జీల లేఖలను తిరిగి పరిశీలిస్తూ ఉండగా, విశాఖ, అరకు లాడ్జీలవారు మాకు పంపిన ధరల పట్టిక అడుగున చిన్న అక్షరాలలో ఒక పంక్తి కనిపించింది. ఆ ధరలు సెప్టెంబరు 30 వరకే చెల్లును. దసరా రోజులకు వేరు ధర. రెండవ పుటలో ఆ వేరు ధర కూడ ఉన్నది. గదికి రాత్రి ఒక్కింటికి 700 రూపాయలు ఎక్కువ.

లెక్క తప్పించుకోలేనిది. 42 మందికి 21 గదులు. విశాఖ, అరకులలో నాలుగు రాత్రులు. 21ని నాలుగుతో, దానిని 700తో హెచ్చిస్తే 58,800 రూపాయలు. మనిషికి 1,400. మేము వేసుకొన్న లాభం మనిషికి 800 చొప్పున 33,600 మాత్రమే. ఆ లాభమంతా పోగా ఇంకను 25,200 రూపాయలు చేతినుండి పెట్టుకోవాలి. కుదువపెట్టిన గాజులు నలుగురికీ గుర్తుకు వచ్చాయి.

చాల రాత్రి వరకు వాదించుకొన్నాము. అడ్వాన్సు ఇంకా తీసుకోలేదు, రేపు ఉదయమే పోయి ధర సవరించుకొందాం, ఇది మోసం కాదు, పొరపాటు అని ఒకరన్నారు. ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. ఇప్పుడేమీ చెప్పక, యాత్ర మొదలైన తరువాత పెరిగిన ఖర్చుల పేర కొంత రాబట్టుకొందాం, వ్యాపారంలో అందరూ చేసేదదే అని మరొకరన్నారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన మా మిత్రుడు అప్పటిదాకా మౌనంగా ఉండి, “భాయ్, మనం జబాన్ ఇచ్చాము” అన్నాడు. ఉర్దూలో జబాన్ అంటే నాలుక. భాష అన్నా అదే, ఇచ్చిన మాట అన్నా అదే. తెలుగులో కూడ మాట తప్పటమంటే పలుకు తడబడటం కాదు గదా. “మన స్టాలులో చార్మినార్ లేదు, అరకు లేదు. ఆ పెద్దాయన తీసుకొని వెళ్ళినది మన సంతకం ఒక్కటే. అది కూడ చెల్లకపోతే ఇక మనం ప్రదర్శించినది ఏమిటి?” అన్నాడు.

దానికి మా వద్ద జవాబు లేకపోయింది. లెక్కను దాచకుండా చెప్పాలి, ధరను మార్చకూడదు అని నిర్ణయించుకొన్నాము. ఆ నిర్ణయం సంతోషంగా తీసుకొన్నామని రాస్తే అది అబద్ధమవుతుంది.

మూడవ దినం

ఉదయం దాదాను వెదకి కలుసుకొని ఉన్నది ఉన్నట్లు చెప్పాము. మా ధర మనిషికి 1,400 తక్కువ పడింది, ఈ బృందానికి రాసి ఇచ్చిన ధరకే ఏర్పాట్లు చేస్తాము, మరుసటి బృందం నుండి సరియైన ధర చెబుతాము అన్నాము. ఆయన మా కాగితాన్ని జేబులో నుండి తీసి చదివి, తిరిగి మడిచి పెట్టుకొన్నారు.

“పూజ రోజుల్లో అరకులో ఆ ధరకు గది దొరకదని నాకు నిన్ననే తెలుసు. ఇరవై ఏండ్లుగా మనుషులను పంపుతున్నాను. అక్టోబరులో మీరు చేతులెత్తేస్తారని అనుకొని, మరొకరి వద్ద కూడ ధర తీసుకొని ఉంచాను. ఇక ఆ అవసరం లేదు” అని హిందీలో అన్నారు. ధర మాత్రం ఒక్క రూపాయి కూడ పెంచలేదు. పైగా, వంటవారు ముగ్గురు అదనంగా వస్తారు, వారికి వంటశాల పక్కన చోటు చూడండని చెప్పి లేచారు. నిన్నటి కాగితంలో వారిని లెక్కించటం కూడ మేము మరచామన్నమాట!

ఆ మధ్యాహ్నం ప్రజలను అనుమతించినప్పుడు మరొక పొరపాటు జరిగింది. మా బల్ల మీద నికర ధరల పట్టిక అట్లే పడి ఉన్నది. ఒక గృహస్థు దానిని తీసుకొని వెళ్ళి, తన ఏజెంటుకు చూపి, నీవింత ఎక్కువ ఎందుకు అడుగుతున్నావని నిలదీశాడు. ఆ ఏజెంటు కోపంతో మా వద్దకు వచ్చాడు. ఆయన కోపం సహేతుకమే. క్షమాపణ చెప్పుకొన్నాము. ఆయన తరువాత మాతో వ్యాపారం చేయలేదు.

ఫలం ఎప్పుడు వస్తుంది?

నుమాయిష్‌లో అంగడి పెట్టినవాడు రాత్రి గల్లాపెట్టె లెక్కచూచుకొంటే ఆనాటి లాభనష్టాలు తెలిసిపోతాయి. వాణిజ్య ప్రదర్శన ముగిసిననాడు మా చేతిలో ఉన్నవి 214 విజిటింగ్ కార్డులు, మాకే నష్టం తెచ్చే ఒక్క బేరం. తిరుగు రైలులో కార్డులను మూడు కట్టలుగా విభజించాము. తేదీలు చెప్పి అడిగినవారు మొదటి కట్ట. ఆసక్తి చూపినవారు రెండవది. బ్రోచరు కొరకు వచ్చినవారు మూడవది. హైదరాబాదు చేరిన పది దినాలలో అందరికీ ఉత్తరాలు రాశాము. మా ప్రశ్నల పుస్తకాన్ని ఎదుట పెట్టుకొని, ఎవరు అడిగిన ప్రశ్నకు వారికి జవాబు రాశాము. 31 మంది బదులిచ్చారు. ఏడాది తిరిగేలోగా అయిదుగురు బృందాలను పంపారు.

దాదా బృందం రావలసిన వారంలోనే ప్రకృతి మమ్ములను పరీక్షించింది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటింది. ఆ జిల్లాకు అపార నష్టం కలిగింది. హౌరా నుండి విశాఖకు వచ్చే మార్గంలో కొన్ని రైళ్ళు రద్దయ్యాయి, కొన్నిటిని దారి మళ్ళించారు. కోల్‌కతాలో యాత్రికులు భయపడి యాత్ర మానుకొంటామంటున్నారని దాదా ఫోను చేశారు. మేము లాడ్జివారి మాట నమ్మక, మాలో ఒకరిని విశాఖ నుండి అరకు వరకు పంపి ఘాటు రోడ్డును, గుహల దారిని, గదులను చూచి రమ్మన్నాము. ఎక్కడ వాన ఉన్నది, ఎక్కడ లేదు, ఏ పూట కరెంటు పోతున్నది, అంతా చూచినది చూచినట్లు చెప్పాము. బాగుందని మాత్రమే చెప్పివుంటే ఆయన నమ్మేవారు కారేమో. బృందం వచ్చింది, రైలు ఆలస్యమైనా క్షేమంగా వచ్చింది. అద్దాల పెట్టెలో కొందరికే సీట్లు దొరికాయి. మిగిలినవారు సాధారణ పెట్టెలో కూర్చొని, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో కలిసి కేకలు వేశారు.

ఆ యాత్రలో మేము ముందే లెక్కగట్టిన 25,200 రూపాయలు నష్టపోయాము. అదృష్టం వచ్చి ఆదుకోలేదు. మరుసటి ఏడు దాదా సరియైన ధరకు రెండు బృందాలను పంపారు. మిగిలిన నలుగురు ఏజెంట్లలో ఇద్దరు ఆయన చెప్పగా స్థిరపడినవారే. 2019 పూజా కాలం ముగిసేనాటికి ప్రదర్శన ఖర్చు, ఆ నష్టము రెండూ తీరాయి. గాజులు విడిపించి ఆ తల్లికి అందించాము. ఆమె వాటిని తొడుగుకొని, ఏమీ అడుగలేదు.

ఆ వెంటనే 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ విధించారు, ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. వేసవి బృందాల అడ్వాన్సులు మా వద్ద, మేము ఇచ్చిన అడ్వాన్సులు లాడ్జీల వద్ద చిక్కుపడ్డాయి. ఒక్కరోజున తిరిగి చెల్లించగల శక్తి మాకు లేదు. ఎవరికెంత ఇవ్వవలసి ఉన్నదో పట్టిక రాసి, వాయిదాల తేదీలు వేసి అందరికీ పంపాము. దాదాపు అందరూ అంగీకరించారు. ఆ ఏడు సంస్థ మూతపడకుండా నిలిచినది వారి ఓర్పు వల్లనే. ఆ ఓర్పును మేము 2018లోనే, తెలియకుండా, 25,200 రూపాయలకు కొన్నామని ఇప్పుడు అనిపిస్తుంది.

విద్యార్థులకు

ఈ అనుభవం నుండి మేము గ్రహించిన విషయాలను క్లుప్తంగా పొందుపరుస్తున్నాము.

మొదటిది, ప్రదర్శనకు పోయేముందు ఆ ఊరివారి సెలవులు, భోజనం, భాష, ప్రయాణపు అలవాట్లు తెలుసుకోవాలి. వారి భాషలో ఒక్క పుటయైనా ఉండాలి.

రెండవది, స్టాలులో ఒకరు మాట్లాడితే మరొకరు రాసుకోవాలి. ప్రశ్నల పుస్తకం బ్రోచరు కంటె విలువైనది.

మూడవది, ధర చెప్పేముందు మూడు సంగతులు సరిచూచుకోవాలి. అది ఏ తేదీ వరకు చెల్లుతుంది, పన్ను కలిపినదా కాదా, ఎందరికి వర్తిస్తుంది. అక్కడికక్కడే సంతకం చేయవలసిన అవసరం లేదు. రేపు ఉదయం రాసి ఇస్తామని చెబితే నిజమైన కొనుగోలుదారు వెళ్ళిపోడు.

నాలుగవది, నికర ధరల పట్టిక వ్యాపారుల కొరకు మాత్రమే. ప్రజలు వచ్చే వేళకు దానిని బల్ల మీద ఉంచరాదు.

అయిదవది, ఖర్చును మూడు దినాల అమ్మకంతో గాక, రెండేండ్ల రాబడితో సరిపోల్చాలి. అంతవరకు నిలువగల మూలధనం లేనివారు స్టాలు పెట్టటానికి ముందు, ప్రవేశ పత్రం తీసుకొని చూపరులుగా పోయి రావటం మంచిది. మేము అట్లు చేసివుంటే కొన్ని తప్పులు తప్పేవి.

ఇక మొదట వేసుకొన్న ప్రశ్న. సరుకు లేని ప్రదర్శనలో ప్రదర్శనకు పెట్టేది ఏమిటి? దూరాన ఉన్న స్థలాన్ని గూర్చి మనం చెప్పే మాట, ఆ మాట కింద మనం చేసే సంతకం. ఈ కళాశాల తరగతి గదులలో రెండు భాషలలోను మాట విలువను మాకు బోధించిన గురువులు వ్యాపార రహస్యం బోధిస్తున్నామని అనుకొని ఉండరు. వారికి మా నమస్కారాలు. ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థులు, మా ప్రశ్నల పుస్తకం చూడదలిస్తే సంతోషంగా చూపుతాము. అది ఇప్పుడు నాలుగవ సంపుటంలో ఉన్నది.